సున్నాకి కాడ

చెన్నై రేవులో పదకొండు రోజులు కూర్చుంది పెట్టె.
రోజుకింతని అద్దె కట్టాం, సుంకం వేరే.
ముప్పై వేలు తోసేసి చీటీ పాట ఎత్తింది నేనే,
తిట్టాల్సినవాళ్ళు ఆపాటికే తిట్టేశారు.

మండపేటలో మా సందులోకి లారీ రాదు.
కాలవ గట్టున దింపించి డ్రైవరు టీకి పోయాడు.
గంగాలమ్మ మిల్లు హమాలీలు ఆరుగురు
బస్తా లెక్కన ఒంగారు. అది లేవలేదు.
"ఇందులో ఎవర్నన్నా పడుకోబెట్టారేటండీ?" అన్నాడు ఎర్రియ్య.
అరటి బోదెలు పరిచి, వాటి మీద దొర్లించి,
తలుపు రెక్క ఒకటి ఊడదీసి
దీపాల వేళకి గుమ్మం దాటించారు.
ఆ రెక్క ఇంకా గోడకే ఆనించి ఉంది.

లోపల, తెల్లటి బెండు ముక్కల నడుమ
గాజు గొట్టం. నిలబెడితే నా భుజం దాకా.
పగల్లేదు.
పగల్లేదని నాలుగుసార్లు తడిమాను.

పుస్తకమంతా చీనా భాష. బొమ్మలు చూసి బిగించాం.
అమ్మిన కంపెనీలో లిన్ అనే పిల్ల
అర్ధరాత్రి ఫోన్లో జవాబిచ్చేది.
ఆ మాటల్ని ఏ యంత్రం తెలుగు చేసేదో,
"గౌరవ మిత్రమా, నీటికి ముందు వెలుగు వద్దు" అని వచ్చేది.
గొట్టం చల్లబడాలంటే మంచి నీళ్ళు కావాలి.
ఇంటి ముందు కాలవ పెట్టుకుని
బ్యాటరీ షాపులో నీళ్ళు కొన్నాను, డబ్బాలకి డబ్బాలు.
ఎర్తింగుకి మటుకు మా నేల మంచిది:
నాలుగడుగులకే ఊట. ఉప్పూ బొగ్గూ పోసి కడ్డీ దిగేశాం.
పక్కన మిల్లు మోటారు ఎత్తినప్పుడల్లా
లైటూ, నా గుండే కలిసి దిగేవి.

అద్దాలు మూడు. వాటితో మూడు రోజులు.
అద్దం మీద కాగితం టేపు అంటించి
ఒక్క చిటిక వెలుగు వదిలితే గోధుమరంగు మచ్చ పడుతుంది.
తల దగ్గరున్నా దూరం జరిగినా
మచ్చ మీద మచ్చే పడాలి.
పాతికసార్లు మర అరచుట్టు తిప్పాను, పావుచుట్టు వెనక్కి.
కాలిన టేపు ముక్కలు జడకి కూడా అంటుకున్నాయి.

నాలుగోనాడు మొదటి మార్కా, బస్తాల మీద కొట్టేది:
గంగాలమ్మ రైస్ మిల్, మండపేట, 26 కిలోలు.
సన్నటి నీలిపొగ. అట్ట ఎత్తి చూస్తే
సున్నాలకి కడుపుల్లేవు!
ర కడుపూ రాలింది, ఆరంకె కడుపూ రాలింది.
గంగ మధ్యన గుండ్రటి బొక్క.
"గౌరవ మిత్రమా, యంత్రం ఆరోగ్యంగా ఉంది" అంది లిన్.

ఆ సాయంత్రం తాతారావు మావ వచ్చాడు.
నాకు ఉలి పట్టించినవాడు. రేకు మీద
మిల్లుల పేర్లు నలభయ్యేళ్ళు చెక్కినవాడు.
పెట్టె దిగిన రోజు రాలేదు, పిలిచినా రాలేదు.
పొగ వాసనకి వచ్చానన్నాడు.
జల్లెడ బల్ల కింద చెయ్యిపెట్టి
రాలిన కడుపులు ఏరి అరచేతిలో పోసుకున్నాడు.
"కాడ వదల్లేదే" అన్నాడు.
"దానికి తెలీదు మావా."
"దాని సంగతి కాదు, నీ సంగతి."

పెన్సిలు అడిగాడు. చెయ్యి వణుకుతోంది గానీ
గీత పడే చోట వణకలేదు.
"నిలువునా వద్దు, వాలుగా వెయ్యి.
కుంచె తోసేది కుడినించి కదా, రంగు ఆగదు."
సున్నాకి రెండు కాడలు, ఆరుకి ఒకటి.
కంప్యూటర్లో అలాగే గీశాను.

మూత వేసి మీట నొక్కాను.
సున్నా చుట్టూ తిరుగుతూ తిరుగుతూ
కాడ దగ్గర వెలుగు టక్కున ఆరి
అవతల మళ్ళీ వెలిగింది.
మావ ముక్కు అద్దానికి ఆనించి చూశాడు.
అట్ట ఎత్తితే ఒక్క కడుపూ రాల్లేదు.
గోడ గడియారం చూశాడు. రెండు నిమిషాలు కాలేదు.
రేకు మీదైతే పూట పనది.

"ఎంత పుచ్చుకుంటావే దీనికి?"

రేకు రేటు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.
ఏరిన కడుపులు చొక్కా జేబులో పోసుకుని
పొయ్యిలోకి పనికొస్తాయంటూ
రెక్క లేని గుమ్మంలోంచి ఒంగి వెళ్ళాడు.
ఒంగాల్సినంత పొట్టి గుమ్మం కాదది.